అమరంలో తలగడ

ఆదివారం పొద్దున ఏడున్నర. నెల్లూరులో ఏదో ఒక ఆసుపత్రి. రాత్రంతా ఐసీయూలో నిలబడ్డ సిస్టర్ హ్యాండోవర్ ఇచ్చి, ముఖం కడుక్కుని, బ్యాగులోంచి తెల్లచీర తీసి కట్టుకుంటుంది. తొమ్మిదింటికి ఆరాధన. పాటల బృందంలో ఆమె గొంతు వినపడకపోతే పాస్టరు గారికి వెలితి. వాక్యం మధ్యలో ఆమె కళ్లు మూతపడితే పక్కావిడ "ఆత్మలో ఉంది" అనుకుంటుంది. ఆమె ఉన్నది నిద్రలో. ఆరాధన ముగిసి చెప్పులు వేసుకునే లోపు ముగ్గురు చుట్టుముడతారు. "సిస్టరమ్మా, మా అమ్మ షుగర్ రిపోర్టు కొంచెం చూడమ్మా." "బాబుకి మూడు రోజుల్నుంచి జ్వరం, ఏం సిరప్ పోయమంటావు?" "మా చిన్నాయన ఆపరేషను మీ దాంట్లోనే, డాక్టరు గారికి ఒక్క మాట చెప్పరాదా?" ఇల్లు చేరేసరికి ఒంటిగంట. సాయంత్రం స్త్రీల కూడిక. రాత్రి ఎనిమిదికి మళ్లీ డ్యూటీ.

ఈ సిస్టర్ మీకు తెలుసు. కావలిలో ల్యాబ్ టెక్నీషియన్ కావచ్చు, అల్లూరు వైపు ఊళ్లు తిరిగే ఏఎన్ఎం కావచ్చు, ముత్తుకూరు రోడ్డులో చిన్న క్లినిక్కు పెట్టుకున్న డాక్టరు గారు కావచ్చు. అద్దంలో రోజూ కనపడే మనిషే కావచ్చు. దినానికి యాభై మంది బీపీ చూసే ఆ చేతికి పట్టీ చుట్టి ఎన్నాళ్లయింది? అడిగితే నవ్వేస్తారు. "దేవుడు చూసుకుంటాడులే" అంటారు. అదే మాట రోగి అంటే మాత్రం కసురుకుంటారు.

మిగతా ఉద్యోగులకు సెలవంటే సంతోషం. మనలో విశ్వాసి అయిన నర్సుకో డాక్టరుకో సెలవు పెడితే దొంగతనం చేసినట్టుంటుంది. ఒంటినొప్పికి, నిద్రలేమికి, చిరాకుకు, అన్నిటికీ కలిపి మనం పెట్టుకున్న ముద్దుపేరు సేవ. ఆ పేరు పెట్టాక ఇక మందు వెయ్యడానికి వీలుండదు, ఎందుకంటే సేవకు వైద్యం చేయించుకునేవాళ్లు ఉండరు కదా. ఈ అపరాధభావం ఎక్కడి నుంచి వచ్చిందో గానీ బైబిల్లోంచి మాత్రం రాలేదు. ఈ తీరంలో మిషన్ నడిచిన చరిత్రలోంచీ రాలేదు. ముందు చరిత్ర చూద్దాం.

1876–78 నాటి పెద్ద కరువు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ అప్పుడు ఒంగోలులో ఉన్నాడు. ఆనాటికి ఒంగోలు నెల్లూరు జిల్లాలోదే. తిండిలేని జనానికి కూలి దొరకాలని క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకున్నాడు. మన తీరం పొడవునా ఇప్పుడు పూడిపోయి కనిపించే కాలువ అదే. గంజి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని, కరువు నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తగ్గాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది.

ఆ సంఖ్య మన వాళ్లందరికీ నోటికి వచ్చు. పండుగ సభల్లో మైకు పట్టుకున్న ప్రతివాళ్లూ చెబుతారు. ఆ పని ఎలా జరిగిందో మాత్రం చెప్పరు. నాకు ఆ భాగమే ఇష్టం. క్లౌ దొర తాను నీళ్లలోకి దిగలేదు. అభిషేకం పొందిన బోధకులు ఆరుగురున్నారు. ఒకసారికి ఇద్దరే నీళ్లలో నిలబడ్డారు. చేతులు నొప్పెట్టగానే వాళ్లు ఒడ్డెక్కారు, ఇంకో ఇద్దరు దిగారు. నడి ఎండ వేళకు అందరూ పని ఆపి సేద తీరి, మధ్యాహ్నం మళ్లీ మొదలుపెట్టారు. సాయంత్రానికి పూర్తయింది.

అంటే షిఫ్టు, హ్యాండోవర్, లంచ్ బ్రేక్ మూడూ ఉన్నాయి. ప్రపంచమంతా చెప్పుకునే రోజున కూడా ఆ బోధకుల్లో ఎవరూ "ఆత్మ బలం ఉండగా అలసట ఏమిటి, నేనొక్కణ్ణే చేస్తాను" అనలేదు. అన్న పక్షంలో ఎంతమంది దగ్గర ఆగిపోయేవాడో మీరే లెక్కేసుకోండి.

ఇంకొంచెం వెనక్కి పోదాం. నెల్లూరులో ఆ మిషన్ పెట్టిన శామ్యూల్ డే 1840లో ఇక్కడ స్థిరపడ్డాడు. ఆరేళ్లు తిరగకుండానే ఒళ్లు చెడి అమెరికా వెళ్లిపోవాల్సి వచ్చింది. అక్కడ కోలుకుని, లైమన్ జ్యువెట్‌ను వెంటబెట్టుకుని 1849లో తిరిగొచ్చాడు. 1853లో మళ్లీ ఆరోగ్యం సహకరించక వెళ్లిపోయాడు, ఇక రాలేదు. అయినా చరిత్రలో ఆయన ఈ మిషన్ స్థాపకుడే. మంచాన పడి వెళ్లిన మనిషి తిరిగొస్తూ తన తర్వాత పని చేసేవాణ్ణి తెచ్చుకున్నాడు కాబట్టే పని ఆగలేదు.

ఆ కాలపు మిషనరీలకు సెలవు ఒక ఏర్పాటు. కొన్నేళ్లకోసారి ఫర్లో మీద స్వదేశం పోయేవారు. ఎండాకాలం కొండలెక్కేవారు. మదురై వైపు మిషన్ కుటుంబాల్లో జబ్బులతో వరసగా చావులు జరిగాకే 1845లో కొడైకెనాల్‌లో మొదటి బంగళాలు లేచాయి. చల్లదనం కోసం మోజుపడి కట్టినవి కావవి, బతకడానికి కట్టుకున్నవి.

ఇక్కడ నాకో కోపం ఉంది, చెప్పేస్తాను. మనం మిషనరీల దగ్గర త్యాగం నేర్చుకున్నాం, ఫర్లో నేర్చుకోలేదు. దొరసాని డాక్టరమ్మ మే నెలలో కొండకు పోతే, ఆ నెల వార్డు చూసుకున్నది మన ఊరి సిస్టర్లే. వాళ్లకు కొండ లేదు. వాళ్ల మనవరాళ్లు ఇవాళ అదే వృత్తిలో ఉన్నారు, ఇప్పటికీ లేదు. కథల పుస్తకాల్లో దీపం పట్టుకుని వార్డులో తిరిగే నర్సు బొమ్మ ఉంటుంది గానీ, ఆ నర్సు పడుకున్న బొమ్మ ఏ పుస్తకంలోనూ ఉండదు.

బైబిల్లో ఉంది. మార్కు సువార్త నాలుగో అధ్యాయం. పొద్దంతా జనానికి బోధించి యేసు ప్రభువు పడవెక్కాడు. తుఫాను లేచింది, పడవలోకి నీళ్లొస్తున్నాయి, ఆయన అమరంలో తలగడ మీద తలపెట్టి నిద్రపోతున్నాడు. మన తీరంలో అమరం అంటే ఏమిటో విడమరచి చెప్పక్కర్లేదు. చుక్కాని పట్టేవాడు కూర్చునే చోటది. పడవలో ఒక్కడు మేలుకోవాలంటే అక్కడ కూర్చున్నవాడే మేలుకోవాలి. సరిగ్గా అక్కడే ఆయన పడుకున్నాడు. శిష్యులు లేపి ఏమన్నారు? మేం మునిగిపోతుంటే నీకు పట్టదా అని నిష్ఠూరమాడారు. మన సిస్టర్ భయపడేది ఈ నిష్ఠూరానికే. "ఫోను చేస్తే ఎత్తలేదు, అంత నిద్ర ఏందమ్మా?" ఈ మాట ఆయన కూడా పడ్డాడు.

చేపల పడవలోకి తలగడ ఎట్లా వచ్చిందా అని నేను చాలాసార్లు అనుకున్నాను. జువ్వలదిన్నెలో పడవెక్కి చూడండి. వలలుంటాయి, ఐసుంటుంది, డీజిలుంటుంది, అన్నం క్యారియరుంటుంది. తలగడ తనంతట తాను రాదు, ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని వెయ్యాలి. సరే, మీ తలగడ సంగతి చూద్దాం.

మొదట ఇంటిదారి. నైట్ డ్యూటీ దిగి స్కూటీ మీద హైవే ఎక్కుతున్నారా? పదిహేడు గంటలు నిద్రలేకుండా ఉన్న మనిషి చురుకుదనం రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడితో సమానమని, ఇరవై నాలుగు గంటలైతే అది 0.10కి పోతుందని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. మన దేశంలో 0.03 శాతం దాటితే చాలు, తాగి బండి నడిపిన కేసు పెడతారు. అంటే జీవితంలో చుక్క ముట్టని మన సిస్టర్ ప్రతి నైట్ తర్వాతా తాగినవాళ్లలాగే బండి నడుపుతోంది. కాబట్టి అరగంట డ్యూటీ రూములో పడుకుని బయల్దేరండి, లేకపోతే షేర్ ఆటో ఎక్కండి, లేకపోతే ఇంట్లోవాళ్లను రమ్మనండి. "మా ఆయన్ని పొద్దున్నే లేపడం ఎందుకులే" అనే మొహమాటం ఇక్కడ పనికిరాదు. ఆయన్ని లేపండి.

తర్వాత నీళ్లు. డ్యూటీలో బాత్రూముకు పోయే వ్యవధి ఉండదని నీళ్లే తాగని నర్సులు ఎంతమందో. రోగి యూరిన్ ఔట్‌పుట్ మిల్లీలీటర్లలో రాసే మనిషికి తన సంగతి తెలియదు. ఇంకా హెపటైటిస్ బి టీకా మూడు డోసులు పూర్తయ్యాయా? పూర్తయ్యాక ఒకటి రెండు నెలలకు యాంటీబాడీ పరీక్ష చేయించుకున్నారా? సూది గుచ్చుకుంటే దాచిపెట్టి ప్రార్థన చేసుకుని ఊరుకోకండి. ప్రార్థన చేసుకోండి, చేసుకుంటూనే క్యాజువాలిటీకి నడవండి. హెచ్‌ఐవీ నివారణ మందులు కొన్ని గంటల్లో మొదలుపెడితేనే మేలు, 72 గంటలు దాటితే ప్రయోజనం ఉండదు. రెండు వారాలుగా దగ్గుంటే రోగికి చేయించినట్టే మీ కళ్లెకు కూడా టీబీ పరీక్ష. వార్డు స్టాకులోంచి మాత్ర తీసుకుని వేసుకోవడం వైద్యం కిందికి రాదు. మీకంటూ ఒక డాక్టరు ఉండాలి, ఆ డాక్టరు ముందు మీరు స్టూలు మీద కూర్చునే మామూలు పేషెంటు కావాలి.

ఇదంతా స్వార్థం అనిపిస్తే, ప్రపంచ వైద్య సంఘం 2017లో వైద్యుల ప్రతిజ్ఞను సవరించినప్పుడు ఏం చేర్చిందో చూడండి. మంచి వైద్యం అందించడానికి నా సొంత ఆరోగ్యాన్ని, క్షేమాన్ని కూడా చూసుకుంటాను అన్న అర్థం వచ్చే వాక్యం చేర్చింది. రోగి గోప్యత పక్కన, మానవ ప్రాణ గౌరవం పక్కన ఇది కూర్చుంది. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవాళ్లకు పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో లెక్క తేల్చాయి. మీ రోస్టరు తీసి గంటలు కూడండి. చర్చి పనులు కూడా కలపండి, శరీరానికి రెండు రిజిస్టర్లు ఉండవు.

చర్చి మాట వచ్చింది కాబట్టి ఆ చెప్పుల దగ్గరి ఓపీ సంగతి. దీన్ని ఆపడం కష్టమని నాకు తెలుసు. ఆ అడిగే అవ్వ మిమ్మల్ని చిన్నప్పుడు ఎత్తుకున్న మనిషి. కాదంటే "నర్సమ్మ అయ్యాక పొగరెక్కింది" అంటారు. అందుకని కాదనకండి, చోటు మార్చండి. "అవ్వా, ఇక్కడ చూస్తే తప్పు చదువుతాను. రేపు పదింటికి ఓపీకి రా, నేనే దగ్గరుండి చూపిస్తా." ఇది అబద్ధం కాదు. రాత్రంతా మేలుకున్న కళ్లతో రిపోర్టు చదివితే తప్పు చదువుతారు. గుండెనొప్పి, మూర్ఛ, పాముకాటు అయితే ఆ మాట వర్తించదు, 108కి ఫోను చేసి మీరూ పరుగెత్తండి. మిగతావన్నీ సోమవారం దాకా ఆగుతాయి. నాలుగు ఆదివారాలు ఇట్లా చెబితే ఐదో ఆదివారం వాళ్లే "సిస్టరమ్మ అలిసుంటది, రేపు పోదాం" అనుకుంటారు. ముందుగా పాస్టరు గారితో ఒక మాట అనుకుంటే ఇంకా మేలు. ఆయన కూడా ఇదే బాధలో ఉండి ఉంటారు, పైకి చెప్పరు.

ఆసుపత్రులకు ఆదివారం లేదు. కాబట్టి మీ విశ్రాంతి దినం గురువారం కావచ్చు, ఏ వారానికి ఆ వారం మారవచ్చు. మారినా సరే, ఆ రోజు యూనిఫాం ఉతకడం, నెల సరుకులు తేవడం, బంధువుల ఇంటి సమస్యలు తీర్చడం పెట్టుకోకండి. చేపల పులుసు వండుకోండి. మామిడికాయ ముక్కలేసి పొద్దున కాచి, సాయంత్రం దాకా మూతపెట్టి ఊరుకోండి. నెల్లూరు వాళ్లకు నేను చెప్పాలా, పులుసుకు రుచి పొయ్యి మీద ఉన్నప్పటి కంటే దించి పక్కన పెట్టినప్పుడే ఎక్కువ పడుతుంది.

ఇప్పుడు బయటికి చెప్పుకోలేని భాగం. కొన్నాళ్లకు రోగి పేరు పోయి పన్నెండో బెడ్డు మిగులుతుంది. ముసలాయన రెండోసారి నీళ్లడిగితే విసుగొస్తుంది. ఎంత చేసినా ఏం ఉపయోగంలే అనిపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నవుట్‌కు చెప్పిన మూడు గుర్తులూ ఇంచుమించు ఇవే. సత్తువ ఉడిగిపోవడం, పనిమీద మనసు దూరమవడం, చేతకానితనం ఆవరించడం. ఆ సంస్థ బర్నవుట్‌ను జబ్బు అనలేదు, పనిచేసే చోట వచ్చిపడే స్థితి అంది. మనవాళ్లు ఇంకో పేరు పెడతారు, "విశ్వాసం చల్లారింది" అని. ఉపవాస ప్రార్థన పెట్టమంటారు. తినే తీరికే లేని మనిషికి ఉపవాసం!

ఏలీయా కథ గుర్తుచేసుకోండి. కర్మెలు కొండ మీద అంత పెద్ద విజయం తర్వాత ఆయన అరణ్యంలోకి పోయి బదరీచెట్టు కింద పడి, నా ప్రాణం తీసెయ్యి చాలు అన్నాడు. దేవుడు మందలించాడా? ఎక్కువ ప్రార్థన చెయ్యమన్నాడా? పడుకోనిచ్చాడు. దూతతో రొట్టె, నీళ్లు పంపాడు. తిన్నాక మళ్లీ పడుకోనిచ్చాడు. మళ్లీ తినిపించాడు. మాట్లాడటం ఆ తర్వాత, నలభై రోజులు నడిచాక. నిస్పృహలో ఉన్న మనిషిని ఎట్లా చూసుకోవాలో ఇంతకంటే మంచి కేస్ షీటు నేను చదవలేదు.

చావు ఆలోచన దాకా పోతే చెట్టు కింద ఒంటరిగా ఉండకండి. టెలి మానస్ నంబరు 14416, డబ్బు అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. సైకియాట్రిస్టు రాసిన మాత్ర వేసుకుంటే విశ్వాసం తగ్గినట్టు కాదు. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడే. పౌలు అన్ని అద్భుతాలు చూసినా వైద్యుణ్ణి వదిలిపెట్టలేదు.

ఒంటరితనం గురించి మన రాష్ట్రంలోనే ఒక పాఠం ఉంది. మేరీ గ్లౌరీ అనే ఆస్ట్రేలియా డాక్టరు 1920లో గుంటూరు వచ్చి కన్యాస్త్రీగా, వైద్యురాలిగా దశాబ్దాలు పనిచేసింది. ఊరికొకటిగా, ఎవరికి వారుగా నెట్టుకొస్తున్న కథోలిక ఆసుపత్రులను 1943లో ఒక సంఘంగా కలిపింది. సికింద్రాబాదు కేంద్రంగా నడుస్తున్న కాథలిక్ హెల్త్ అసోసియేషన్ అదే. అంత పనిలో మునిగిన మనిషి కూడా ఆగి, పక్క ఆసుపత్రి ఏమైపోతోందో చూసింది. మీరు అంత పెద్ద సంఘం పెట్టనక్కర్లేదు. నలుగురు చాలు. ఒక ల్యాబ్ తమ్ముడు, ఇద్దరు సిస్టర్లు, ఒక డాక్టరమ్మ. నెలకోసారి మైపాడు ఇసుకలో కూర్చోండి. వాక్యం చదువుకోండి, ఆ తర్వాత ఆ నెలలో చేతుల్లో చనిపోయినవాళ్ల గురించి చెప్పుకోండి. ఎవరూ ప్రసంగం చెయ్యకూడదన్న నియమం ఒకటి పెట్టుకోండి. మనవాళ్లతో ఇదే కష్టం, నలుగురు చేరితే ఒకడు లేచి నిలబడతాడు.

మంచి సమరయుడి కథ ఆసుపత్రి గోడల మీద చాలా చోట్ల బొమ్మగా ఉంటుంది. గాయాలు కడుతున్న బొమ్మే వేస్తారు. కథ అక్కడితో అయిపోలేదు. అతను దెబ్బలు తిన్న మనిషిని పూటకూళ్ల ఇంటికి చేర్చి, ఆ రాత్రి చూసుకుని, మర్నాడు రెండు దేనారాలు పూటకూళ్లవాడి చేతిలో పెట్టి, అప్పగించి, తన దారిన తాను పోయాడు. మళ్లీ వచ్చినప్పుడు లెక్క చూస్తానన్నాడు. గాయపడినవాడి మంచం పక్కనే తన జీవితం గడపలేదు. అప్పగించడం ప్రేమలో భాగమే. డ్యూటీ దిగేటప్పుడు పన్నెండో బెడ్డును సాయంత్రం సిస్టర్‌కు అప్పగించండి. రిజిస్టర్లో సంతకంతో పాటు మనసులో కూడా. ఇంటికొచ్చాక మళ్లీ ఫోను చేసి "పొటాషియం ఎంతొచ్చింది?" అని అడిగితే మీరు అప్పగించనట్టే. ఆ సిస్టర్‌ను నమ్మనట్టు కూడా.

ఆసుపత్రి నడిపేవాళ్లు ఇది చదువుతుంటే రెండు మాటలు. ముగ్గురు చెయ్యాల్సిన వార్డు ఒక్కరికి ఇచ్చి, పొద్దున్నే చాపెల్లో సేవ మీద వాక్యం చెప్పించడం సేవ కాదు, పొదుపు. మోషే ఒక్కడే పొద్దుటి నుంచి రాత్రి దాకా తగవులు తీరుస్తుంటే మామ యిత్రో వచ్చి, నువ్వూ నలిగిపోతావు, జనమూ నలిగిపోతారు, మనుషుల్ని పెట్టుకో అన్నాడు. ఆ సలహాకు ఖర్చవుతుంది. నేనిక్కడ రాసిన తలగడలూ పులుసులూ ఆ ఖర్చుకు బదులు కావు.

తొంభైల మొదట్లో మన తీరంలో రొయ్యల గుంటలు ఎట్లా తవ్వారో పెద్దవాళ్లకు గుర్తుంది. ఆగకుండా పంట మీద పంట వేశారు. 1994 ప్రాంతంలో వైట్‌స్పాట్ వచ్చి టైగర్ రొయ్య తుడిచిపెట్టుకుపోయింది. తెగులు వైరస్ తెచ్చిందే గానీ, దానికి దారి తీసింది మనమే. ఇప్పుడు తెలివైన రైతు పట్టుబడి కాగానే గుంట ఎండగడతాడు. నేల నెర్రెలిచ్చేదాకా ఆగి, సున్నం చల్లి, అప్పుడు నీళ్లు పెడతాడు. ఎండిన గుంటను చూసి ఎవరూ వాడు సోమరి అనరు.

సముద్రానికి కూడా ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సెలవు. మర పడవలు ఒడ్డున ఉంటాయి. చేప గుడ్లు పెడుతుంది, మనుషులు వలలు బాగుచేసుకుంటారు. యాకోబు, యోహానులను ప్రభువు పిలిచినప్పుడు వాళ్లు కూడా వేటలో లేరు, పడవలో కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారు.

రోస్టరు తీయండి. వచ్చే నెలలో వరసగా రెండు రోజులు గుర్తుపెట్టండి, పెన్సిల్‌తో వద్దు, పెన్నుతో. ఆ రెండు రోజుల్లో పాటల ప్రాక్టీసు ఉంటే వేరేవాళ్లు పాడతారు. ఇన్‌ఛార్జి సిస్టర్ పిలిచి ఎక్కడికి పోతున్నావని అడుగుతుంది. ఏమీ కల్పించకండి, పెళ్లి అనకండి, జ్వరం అనకండి. "యాడికీ పోవడం లేదక్కా, వల బాగుచేసుకోవాలి" అనండి. ఆమెది తీరం మీది ఏ ఇసకపల్లో, కోడూరో అయ్యుంటే ఇంకో ప్రశ్న అడగదు.